శాస్త్రానికి శాలువా

ఫిబ్రవరి 28 దగ్గర పడితే విజయవాడలో పూలదండలకూ, శాలువాలకూ, జ్ఞాపికలకూ పెళ్లిళ్ల సీజను మళ్లీ వచ్చినట్లే ఉంటుంది. 1928లో రామన్ ప్రభావం బయటపడిన రోజు అది, 1987 నుంచి మనం జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటున్న రోజు. దేశ స్థూల ఉత్పత్తిలో పరిశోధనకు ఒక శాతం కూడా ఖర్చు పెట్టని మనం శాస్త్రం మీద గౌరవాన్ని మరి ఏ రూపంలో చూపాలి? శాలువా రూపంలోనే చూపాలి. ఈ విషయంలో మనల్ని వేలెత్తి చూపగల దేశం లేదు.

ఈ ఏడాది నేను హాజరైన సభలో ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు, కనుక సభ శాస్త్రోక్తంగానే మొదలైంది. జ్యోతి ప్రజ్వలనకు పూనుకుంటే ఫ్యాను గాలికి వత్తి నిలవలేదు. ఫ్యాను ఆపితే అతిథికి చెమట పట్టింది, మళ్లీ వేస్తే దీపం ఆరింది. చివరకు డాక్టరేట్లు ఉన్న ఐదుగురు ఆచార్యులు కుందె చుట్టూ వంగి, తమకు కప్పిన శాలువాలనే తెరలుగా పట్టి, కర్పూరం బిళ్ల సాయంతో అగ్నిని సాధించారు. దహనానికి ప్రాణవాయువు కావాలన్న సంగతి ఆ ఐదుగురిలో ఎవరికైనా గుర్తొచ్చి ఉంటే, చెప్పే ధైర్యం చేయలేదు.

సన్మానాల వరుసలో చివరి పేరు ఒక పరిశోధక విద్యార్థినిది. ఆ అమ్మాయి భుజాన శాలువా పడి ఫొటో తీయడం అయ్యిందో లేదో, పిలవని పెద్దమనిషి ఒకరు అనుచరులతో వేదిక ఎక్కారు. తెచ్చిన శాలువాలు అయిపోయాయి. నిర్వాహకుడు ఆమె దగ్గరకు వచ్చి, ‘‘అమ్మా, ఒక్క నిమిషం, నీ ఫొటో అయిపోయిందిగా’’ అని మెల్లగా ఆ శాలువా లాగి, దులిపి, మడత సరిచేసి ఆయనకు కప్పాడు. హాలు చప్పట్లతో మారుమోగింది. ఆమె కూడా కొట్టింది.

ఆ అమ్మాయి పని ఏమిటో వేదిక మీద ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ చెబుతాను. 2021-22లో గుంటూరు జిల్లా మిర్చిని ఊడ్చిపెట్టిన నల్ల తామర పురుగు మీద ఆమె పరిశోధన. మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే ఆ పురుగు పూతలో దాక్కుంటుంది. పొద్దున్నే చేలోకి దిగి, ఒక్కొక్క పువ్వును తెల్ల కాగితం మీద తట్టి, రాలిన చుక్కలు చెదిరిపోయేలోగా భూతద్దం పెట్టి లెక్కించాలి. మందు కొట్టిన మడీ, కొట్టని మడీ, మళ్లీ మొదటి నుంచీ. దుకాణదారు సిఫారసు చేసిన ఫలానా మందు కొట్టినా పురుగు అంతే ఉందని ఆ లెక్కల్లో తేలిన సాయంత్రం, ఆమె పొలం గట్టు మీద నుంచే గైడుకు ఫోను చేసిందట. ఒక రైతు అప్పు తెచ్చి ఆ డబ్బా కొనకుండా ఆగితే చాలు, ఈ వృత్తిలో దక్కే ప్రతిఫలం అదే, అదేమీ చిన్నది కాదు. (అందులో పత్రికకు పంపదగిన విశేషం లేదని కొందరు పెదవి విరుస్తారు. విరవనివ్వండి.)

అయితే ఆ ప్రతిఫలంతో హాస్టలు బిల్లు చెల్లదు. 2023 జనవరి నుంచి జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్, అంటే పరిశోధక విద్యార్థికిచ్చే భృతి, నెలకు 37,000 రూపాయలు అన్నది కాగితం మీది మాట. అది నెలల తరబడి రాకపోతే, వెళ్లి అడిగిన ప్రతిసారీ ‘‘బడ్జెట్ రాలేదమ్మా, వస్తే వేస్తాంగా’’ అనే జవాబు వస్తుంది. పొలానికి వెళ్లే ఆటో ఖర్చు ఆమె తండ్రి పంపుతున్నాడు. మిర్చిలో మునిగిన తండ్రి! ఇది ఆలస్యం కాదు, దోపిడీ. ఇంటి ఈఎంఐ ఒక్క రోజు తప్పితే నిద్రపట్టని అధికారులే, ఇరవై ఐదేళ్ల పిల్ల ఆకలిని ఫైలులో పెట్టి తాడు బిగిస్తున్నారు. పైగా ‘శాస్త్రం త్యాగం కోరుతుంది’ అని మైకులో ఉపదేశం! ఎవరి త్యాగం? మీ జీతం ఒకటో తారీకున పడుతూనే ఉందే!

కాబట్టి నిర్వాహకులకు నాదొక విన్నపం. ప్రయోగశాలలో చుక్కలు కొలిచే పిపెట్ గొట్టానికి తొడిగే టిప్పుల డబ్బా కొనాలంటే పరిశోధకుల చేత మూడు కొటేషన్లు తెప్పించి, అతి తక్కువ ధర చెప్పినవాడి నాసిరకం సరుకు అంటగట్టి, పైసా పైసాకూ వినియోగ ధ్రువపత్రం రాయిస్తున్నారు కదా. వచ్చే ఏడాది నుంచి శాలువాలకూ అదే పద్ధతి పాటించండి. ఎవరికి కప్పారు, ఎందుకు కప్పారు, ఎవరి మీద నుంచి లాగి కప్పారు అన్నవి మూడు ప్రతుల్లో రాసి సంతకం పెట్టండి. ఆ ఫైలు పాసయ్యేదాకా ఏ పెద్దమనిషి భుజం మీదా గుడ్డ పడకూడదు.