అరిజోనాలో మంచు ఏనాడూ కరగలేదు

ఎడారిలో ఐస్ హాకీ ఏమిటని నవ్వేవాళ్లకు భౌతికశాస్త్రం అంతంతమాత్రమని, మునిసిపల్ శాస్త్రం బొత్తిగా తెలియదని సవినయంగా మనవి చేస్తున్నాను. అరిజోనా రాష్ట్ర రాజధాని ఫీనిక్స్‌లో 2023 వేసవిలో వరుసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గలేదు. అలాంటి చోట నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) జట్టు ఒకటి 28 ఏళ్లు కాపురం చేసింది. ఆ 28 ఏళ్లలో మంచు నిలవక జట్టు మూటాముల్లె సర్దుకోవలసిన అగత్యం ఒక్కనాడూ రాలేదు. కరిగినవి వేరే ఉన్నాయి. లీజులు, హామీలు, యజమానుల ఆస్తులు, నగర ఖజానాలు. ఆ కరుగుదల చరిత్రను రాసే భారం నా మీద పడింది.

ముందుగా మంచు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మొత్తం వ్యవహారంలో సజావుగా నడిచింది అదొక్కటే. రింక్ అంటే ఆట ఆడే మంచు మైదానం. దాని అడుగున కాంక్రీటు పలక ఉంటుంది. దాని కడుపులో మైళ్ల కొద్దీ గొట్టాలు. వాటి గుండా బాగా చల్లబరిచిన ఉప్పునీటి ద్రావణం తిరుగుతూ ఉంటుంది. పైన నీటిని పలచగా చల్లుతారు, గడ్డకట్టాక మళ్లీ చల్లుతారు, తెల్లరంగు వేస్తారు, ఎరుపు నీలం గీతలు గీస్తారు, వాటి మీద ఇంకా కొన్ని పొరలు. ఇంత హంగూ చేస్తే చివరికి తేలే మందం ఒక అంగుళం, అటూఇటూ. బయట ఎండ ఎంత మండినా ఆ అంగుళం చెక్కుచెదరదు. పైగా మంచు గీతల్ని చెరిపి నున్నగా చేసే జంబోనీ బండి పుట్టిందే వెచ్చని కాలిఫోర్నియాలో. మంచు ఉన్న ఊళ్లో పుట్టినవాళ్లు మంచును పట్టించుకోరు, అది వేరే విషయం.

అరిజోనాకు హాకీ కొత్త కాదు. 1974లోనే, అప్పట్లో ఎన్‌హెచ్‌ఎల్‌కు పోటీగా పెట్టిన వరల్డ్ హాకీ అసోసియేషన్‌లో ఫీనిక్స్ రోడ్‌రన్నర్స్ అనే జట్టు ఆడింది. మూడు సీజన్లు ఆడి 1977లో మూతపడింది. దీన్ని హెచ్చరికగా తీసుకోవచ్చు. ఫీనిక్స్ మాత్రం రిహార్సల్‌గా తీసుకుంది.

అసలు కథ 1996లో మొదలవుతుంది. కెనడాలో విన్నిపెగ్ అనే నగరం ఉంది. చలికాలంలో అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీలకు పడిపోవడం వింత కాదు. వీధి చివర నీళ్లు పోస్తే చాలు, రింక్ సిద్ధం. అక్కడి జట్టు పేరు విన్నిపెగ్ జెట్స్. ఊరు చిన్నది, అరీనా పాతది, కెనడా డాలరు బలహీనం, ఆటగాళ్లకు ఇవ్వాల్సిందేమో అమెరికా డాలర్లలో. అందుచేత పెద్దలు కూర్చుని ఆలోచించారు. మంచు ఊరికే దొరికే చోట హాకీ గిట్టుబాటు కావడం లేదు, కాబట్టి మంచుకు కరెంటు బిల్లు కట్టే చోటికి తీసుకుపోదామన్నారు. ఈ తర్కంలో లోపం వెతికేవాళ్లు వ్యాపారానికి పనికిరారు. విన్నిపెగ్ అభిమానులు ఏడ్చారు. జట్టు ఫీనిక్స్ చేరి కయోటీస్ అయింది.

హాకీ ఆటకు మూడు పీరియడ్లు. అరిజోనా వాటిని మూడు ఊళ్లుగా అర్థం చేసుకుంది. మొదటి పీరియడ్ ఫీనిక్స్ నడిబొడ్డున, బాస్కెట్‌బాల్ కోసం 1992లో తెరిచిన అమెరికా వెస్ట్ అరీనాలో జరిగింది. బాస్కెట్‌బాల్ కోర్టు కన్నా హాకీ రింక్ ఎంతో పెద్దది. రింక్‌ను ఎలాగో ఇరికించారు గానీ, ఒక చివర పైఅంతస్తు మంచు మీదికి వేలాడుతూ మిగిలింది. ఆ వైపు కొన్ని వేల సీట్లకు దగ్గరి గోల్‌పోస్టు కనబడదు. సీట్లో కూర్చున్న మనిషికి ఆటగాడు దూసుకురావడం కనిపిస్తుంది, తరువాత అతడు అంచు కింద మాయమవుతాడు, కాసేపటికి జనం అరుస్తారు. గోలు పడిందో తప్పిందో తెలుసుకోవడానికి తెర వైపు తల ఎత్తాలి. నా దృష్టిలో ప్రేక్షకుడికి ఇంతకన్నా గొప్ప శిక్షణ లేదు. కీలకమైన ఘట్టం తన కంటికి ఆనని చోట జరుగుతుందని, ఫలితం మాత్రం తనకు ప్రకటిస్తారని అభిమాని మొదటి సీజన్‌లోనే అలవాటు పడ్డాడు. రాబోయే పాతికేళ్లకు అది బాగా పనికొచ్చింది.

సొంత అరీనా కావాలన్నారు. హాకీకి డబ్బు పెట్టి టికెట్ కొనే జనం ఎక్కువగా ఫీనిక్స్ మహానగరం పరచుకున్న లోయకు తూర్పు వైపున, స్కాట్స్‌డేల్ పరిసరాల్లో ఉండేవారు. అక్కడ లాస్ ఆర్కోస్ అనే పాత షాపింగ్ మాల్‌ను కూలగొట్టి ఆ స్థలంలో కట్టాలని అనుకున్నారు. 1999లో ఓటర్లు సరేనన్నారు. జనం సరేనన్నాక పని జరగడం ఈ చరిత్రలో ఆనవాయితీ కాదు. బేరం చెడింది. ఆ స్థలంలో ఇప్పుడు అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వారి స్కైసాంగ్ ప్రాంగణం ఉంది. జట్టేమో ఎదురు దిక్కున, పడమటి శివారులోని గ్లెండేల్‌తో ఒప్పందం చేసుకుంది. అభిమానులు తూర్పున, అరీనా పడమర, మధ్యలో సాయంకాలపు ట్రాఫిక్. పట్టణ ప్రణాళికలో దీన్ని సమతూకం అంటారేమో.

రెండో పీరియడ్ జరిగిన గ్లెండేల్ గురించి తీరిగ్గా చెప్పుకోవాలి. ఆ ఊరి జనాభా రెండు లక్షల పైచిలుకు. అరీనాకు అయిన 22 కోట్ల డాలర్లలో 18 కోట్లు నగరమే పెట్టింది. 2003 డిసెంబరులో తొలి మ్యాచ్. హాకీ చరిత్రలో అందరికన్నా గొప్పవాడిగా పేరున్న వేన్ గ్రెట్జ్కీ అప్పటికే జట్టులో వాటాదారు. 2005లో కోచ్ కూడా అయ్యాడు. నాలుగు సీజన్లు నడిపాడు, ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ చేరలేదు. అయినా ఆయన నేర్చుకోవాల్సింది మిగిలే ఉంది. 2009 మేలో అప్పటి యజమాని, ట్రక్కుల వ్యాపారి జెర్రీ మోయెస్, జట్టును దివాలా కోర్టుకు ఎక్కించాడు. జట్టు నుంచి బాకీ రావలసినవాళ్ల వరుసలో గ్రెట్జ్కీ కూడా నిలబడ్డాడు. లీగ్ మొత్తం గౌరవసూచకంగా ఎవరికీ ఇవ్వకుండా దాచిపెట్టిన 99వ నంబరు చొక్కా ఆయనది. బాకీల వరుసలో ఆ నంబరుకు ప్రత్యేక గౌరవం ఉన్నట్టు కనబడదు.

ఆ వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఉత్కంఠభరితమైన హాకీ దివాలా కోర్టులో జరిగింది. బ్లాక్‌బెర్రీ ఫోన్ల సంస్థ అధిపతుల్లో ఒకరైన జిమ్ బాల్సిలీ 21.25 కోట్ల డాలర్లు ఇస్తానన్నాడు, కాకపోతే జట్టును కెనడాలోని హామిల్టన్‌కు తరలించనివ్వాలి. లీగ్ ససేమిరా అంది. జట్టు ఎక్కడ ఆడాలో నిర్ణయించేది తామేనంది. న్యాయమూర్తి రెడ్‌ఫీల్డ్ బామ్ బాల్సిలీ ప్రతిపాదనను తోసిపుచ్చాడు. చివరికి 14 కోట్ల డాలర్లకు లీగే కొనుక్కుంది. అంటే పోటీలు నిర్వహించే సంస్థే పోటీలో ఒక జట్టుకు యజమాని. దీన్ని ప్రయోజనాల సంఘర్షణ అనేవాళ్లు ఉంటారు. నేను అనను. తీర్పరే కక్షిదారుడైతే వాయిదాల ఖర్చు తగ్గుతుంది.

ఇక అసలైన ఆవిష్కరణ. మామూలు లోకంలో అద్దెకున్నవాడు ఇంటివాడికి డబ్బు కడతాడు. గ్లెండేల్ ఈ మూఢాచారాన్ని తిరగరాసింది. అరీనా నడిపే ఖర్చుకని లీగ్‌కు ఏడాదికి 2.5 కోట్ల డాలర్ల చొప్పున రెండేళ్లు ముట్టజెప్పింది. వెళ్లిపోతానని బెదిరించే అద్దెదారును ఉంచుకోవడానికి ఇంటివాడే అద్దె కట్టడం, అదీ పక్కింటివాళ్ల పన్నుల సొమ్ముతో. ఆర్థికశాస్త్రం దీన్ని ఇంకా పూర్తిగా జీర్ణించుకోలేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. సొంత యజమాని లేని ఆ రోజుల్లోనే జట్టు తన చరిత్రలోకెల్లా బాగా ఆడింది. కోచ్ డేవ్ టిపెట్, గోల్‌కీపర్ మైక్ స్మిత్, విన్నిపెగ్ నుంచి వచ్చి చివరిదాకా ఈ ఒక్క జట్టుకే ఆడిన కెప్టెన్ షేన్ డోన్. 2012లో వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా, అంటే లీగ్‌లోని పడమటి సగం జట్ల తుదిపోరు దాకా వెళ్లి లాస్ ఏంజెలెస్ కింగ్స్ చేతిలో 4–1 తేడాతో సిరీస్ ఓడిపోయింది. యజమాని అనేవాడు లేకపోతే హాకీ ఎలా వర్ధిల్లుతుందో తెలియడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? అందుకే వెంటనే కొత్త యజమానుల కోసం వెతికారు.

2013 జూలైలో గ్లెండేల్ కౌన్సిల్ కొత్త యజమానులతో ఒప్పందం ఆమోదించింది. ఏడాదికి 1.5 కోట్ల డాలర్లు, 15 ఏళ్ల పాటు. స్కోరు 4–3. ఆటలో ఆఖరి నిమిషం గోలుకు కూడా గుండె అంతగా కొట్టుకోదు. రెండేళ్లు తిరగకుండానే, 2015 జూన్‌లో, నగర మాజీ ఉద్యోగులు జట్టు పక్షాన చేరారన్న కారణం చూపి అదే కౌన్సిల్ ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. స్కోరు 5–2. ఈసారి ఫలితం ఏకపక్షం, కానీ కోర్టు దాకా వెళ్లిన పోరాటం మాత్రం చూడముచ్చటైనది. తరువాత తక్కువ మొత్తానికి, తక్కువ కాలానికి రాజీ పడ్డారు. ఈలోగా అరీనా పేరు రెండోసారి మారింది, జట్టు కూడా ఫీనిక్స్ కయోటీస్ నుంచి అరిజోనా కయోటీస్ అయింది. నగరం పేరు తీసేసి రాష్ట్రం పేరు పెట్టుకోవడంలో ముందుచూపు ఉంది. ఏ ఊరు గెంటేసినా బోర్డు మార్చనక్కరలేదు.

2021 ఆగస్టులో గ్లెండేల్‌కు జ్ఞానోదయమైంది. రాబోయే సీజన్ తర్వాత లీజు పొడిగించేది లేదంది. అదే డిసెంబరులో, పన్ను బకాయిలు కట్టకపోతే అరీనా తలుపులు మూసేస్తామని నోటీసు ఇచ్చింది. జట్టు దాన్ని మానవ తప్పిదమని చెప్పి బాకీ తీర్చింది. 13 లక్షల డాలర్ల పైచిలుకు మానవ తప్పిదం. మనుషులం, పొరపాట్లు సహజం.

మూడో పీరియడ్ ఫీనిక్స్ పొరుగునున్న టెంపే నగరంలో. 2022 అక్టోబరు నుంచి జట్టు అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వారి ములెట్ అరీనాలో చేరింది. హాకీకి 4,600 సీట్లు. తక్కిన ఎన్‌హెచ్‌ఎల్ జట్లు 17, 18 వేల మంది ముందు ఆడుతుంటే వీళ్లు కాలేజీ జట్టు గూటిలో తలదాచుకున్నారు. జట్ల డ్రెస్సింగ్ గదుల భవనం పూర్తికాకముందే ఆటలు మొదలయ్యాయి, కొన్నాళ్లు తాత్కాలిక ఏర్పాట్లతో నెట్టుకొచ్చారు. ఆ విశ్వవిద్యాలయంలో మన తెలుగు విద్యార్థులు చాలామంది ఉన్నారు. లీజు ముగిసే నెలలో తెలిసినవాళ్ల హాల్లో పరుపు వేసుకోవడం ఏమిటో ఎరిగిన ఆ పిల్లలు, హాకీ అర్థం కాకపోయినా, ఈ జట్టును మాత్రం తమవాళ్లుగానే గుర్తుపట్టి ఉంటారు. అక్కడ తొలి మ్యాచ్‌కు అతిథులు విన్నిపెగ్ జెట్స్. అవును, ఆ పేరే. అట్లాంటాలో నిలవలేకపోయిన ఇంకో జట్టు 2011లో విన్నిపెగ్ చేరి పాత పేరు పెట్టుకుంది. అతిథులు 3–2తో, అదనపు సమయంలో, గెలిచి వెళ్లారు.

శాశ్వత నివాసం కోసం టెంపేలో ఒక పాత చెత్త డంపింగ్ స్థలాన్ని చూశారు. 46 ఎకరాలు, 210 కోట్ల డాలర్ల ప్రణాళిక, అరీనా, హోటళ్లు, ఇళ్లు. అది విమానాశ్రయానికి దగ్గర. ఇంకా కట్టని ఇళ్లలో ఇంకా చేరని జనానికి విమానాల మోత ఇబ్బంది అవుతుందంటూ పొరుగు నగరం ఫీనిక్స్ కోర్టుకు వెళ్లింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న మాటకు న్యాయస్థానం గుర్తింపు దక్కడం ఇదే మొదటిసారి కావచ్చు. 2023 మే 16న టెంపే ఓటర్ల ముందుకు మూడు ప్రతిపాదనలు వచ్చాయి. మూడూ ఓడాయి. 3–0, ప్రత్యర్థికి ఒక్క గోలు కూడా దక్కని ఆట. చెత్తకుప్పను చెత్తకుప్పగానే ఉంచుకునే హక్కు కోసం అంత బలంగా ఓటేసిన పౌరులను ఎలా అభినందించాలో తెలియడం లేదు.

ఆఖరి ప్రయత్నంగా ఫీనిక్స్ ఉత్తరాన ప్రభుత్వ భూమిని వేలంలో కొంటామన్నారు. 2024 జూన్ 27న వేలం అని తేదీ కూడా పడింది. లీగ్ అంతదాకా ఆగలేదు. ఏప్రిల్ 17న ఎడ్మంటన్ మీద 5–2తో చివరి మ్యాచ్ గెలిచి, మరుసటి రోజే జట్టు యూటా రాష్ట్రానికి అమ్ముడుపోయింది. ధర 120 కోట్ల డాలర్లు. 2009లో లీగ్ 14 కోట్లకు కొన్న సరుకే ఇది. పదిహేనేళ్ల పాటు ఇల్లు లేక, నిలకడ లేక, పన్ను నోటీసులందుకుంటూ బతికితే విలువ ఎనిమిది రెట్లకు పైగా పెరిగింది. క్రమశిక్షణతో అద్దె కట్టుకుంటూ బతికే సంసారులు దీన్ని చదివి కుమిలిపోవద్దని కోరుతున్నాను. ఇక ఆ వేలాన్ని, తేదీకి దాదాపు వారం ముందు, భూముల శాఖ రద్దు చేసింది.

అమ్మకంలో ఒక సూక్ష్మం ఉంది. ఆటగాళ్లు, కోచ్‌లు, కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ హక్కులు యూటాకు వెళ్లాయి. జట్టు పేరు, గుర్తు, చరిత్ర మాత్రం అరిజోనాలోనే ఉండిపోయాయి. కాగితాల మీద యూటాది 2024లో పుట్టిన కొత్త జట్టు. కాబట్టి ఆట లేకుండా, ఆటగాడు లేకుండా, రింక్ లేకుండా స్వచ్ఛమైన చరిత్ర మాత్రమే ఉన్న హాకీ జట్టు అరిజోనాది. చరిత్రకారులకు ఇంతకన్నా అనుకూలమైన జట్టు ఉండదు, ఇక ఓడే ప్రసక్తి లేదు.

మరి హాకీ వల్ల రాష్ట్రానికేమీ మిగల్లేదా అంటే, మిగిలింది. పసితనం నుంచి స్కాట్స్‌డేల్‌లో పెరిగి, చిన్నప్పుడే కయోటీస్ మ్యాచ్‌లకు వెళ్లి ఆట మీద మనసు పారేసుకున్న ఆస్టన్ మాథ్యూస్, 2016 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక అయ్యాడు. తొలి మ్యాచ్‌లోనే నాలుగు గోల్స్ కొట్టాడు. 2023–24 సీజన్‌లో 69 కొట్టాడు. ఎడారి పండించిన ఆ పంటను కోసుకున్నది టొరంటో.

టొరంటోలోనే హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. అందులో ఆటగాళ్లకు ఒక విభాగం, రిఫరీలకు ఒక విభాగం, ఆట నిలబడడానికి సొమ్మూ శ్రమా ధారపోసిన పెద్దలకు ఇంకో విభాగం. ఈ మూడో విభాగానికి గ్లెండేల్ పన్ను చెల్లింపుదారుల పేరు నేను అధికారికంగా ప్రతిపాదిస్తున్నాను. రెండు లక్షల పైచిలుకు పేర్లు ఒక ఫలకం మీద పట్టవంటే పెద్ద ఫలకం చేయించాలి. ఖర్చు ఎవరు భరించాలన్నది గ్లెండేల్ కౌన్సిల్ 4–3 తేడాతో తేల్చగలదు.