జాంబీ ఈగల సందేశం: ఒక శిలీంధ్రానికి అంటగట్టిన మూడు కథలు

డెన్మార్క్‌లో కొత్తగా పుట్టుకొచ్చిన శిలీంధ్రమొకటి ఈగల మెదడును తినేసి వాటిని జాంబీలుగా మారుస్తోందని, మత్తుమందు ఎక్కించి ఆడిస్తోందని, తర్వాతి వంతు మనుషులదేనని, అయితే ఈగల బెడదకు మాత్రం దీనితో శాశ్వత పరిష్కారం దొరికినట్టేనని చెప్పే సందేశం వాట్సాప్‌లో విస్తృతంగా తిరుగుతోంది. దానికి జతచేసిన బొమ్మలో ఉన్నది అసలు ఈగే కాదు, తల నుంచి కాడ మొలిచిన చీమ. అది ఓఫియోకార్డిసెప్స్ అనే పూర్తిగా వేరే శిలీంధ్రం పని.

సందేశం వెనుక నిజమైన పరిశోధన ఉన్నమాట వాస్తవమే. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, డెన్మార్క్ సహజచరిత్ర మ్యూజియం వారితో కలిసి, స్ట్రాంగ్‌వెల్సియా టైగ్రినే, స్ట్రాంగ్‌వెల్సియా ఎసెరోసా అనే రెండు శిలీంధ్ర జాతులను 2020లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. అవి యాగర్స్‌ప్రిస్, అమాయర్ ప్రాంతాల్లో పట్టిన ఈగలలో కనిపించాయి. కొత్తగా వర్ణించడం వేరు, కొత్తగా పుట్టడం వేరు. స్ట్రాంగ్‌వెల్సియా ప్రజాతికి 1965లోనే పేరు పెట్టారు. ఈ రెండు జాతులూ ఎవరి కంటా పడకుండా అక్కడి ఈగలలోనే బతుకుతూ ఉండి ఉంటాయి. ఆ తర్వాత అదే బృందం మరికొన్ని జాతులను కూడా వర్ణించింది కాబట్టి వెతికేవారు తక్కువగా ఉన్నారనుకోవాలే గాని, ఉపద్రవం మొదలైందనుకోవడానికి ఆధారం లేదు.

మెదడును తినేస్తుందన్న మాటకు ఈ శిలీంధ్రంతో సంబంధం లేదు. స్ట్రాంగ్‌వెల్సియా సోకిన ఈగ ఉదరం పక్క భాగంలో గుండ్రని రంధ్రం ఏర్పడుతుంది, కొన్ని జాతుల్లో రెండు కూడా ఏర్పడతాయి. ఆ రంధ్రం వెనుక, ఉదరం లోపల ఒక బోలు గది ఉంటుంది. దాని గోడల నిండా సిద్ధబీజాలను (శిలీంధ్రానికి విత్తనాల వంటివి) మోసే తంతువులు పరుచుకుని ఉంటాయి. అక్కడి నుంచి వేల సిద్ధబీజాలు బయటకు చిమ్ముతుంటే ఈగ మాత్రం ఎగురుతూ, తోటి ఈగల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఇలా కొన్ని రోజులు గడిచాకే అది వెల్లకిలా పడి చనిపోతుంది. ఒళ్లంతా గుల్లవుతున్నా నడవడి దాదాపు మామూలుగా సాగడమే ఇందులోని అసలు విడ్డూరం, సందేశం రాసినవారు వదిలేసింది సరిగ్గా దాన్నే.

జాంబీ అన్న వర్ణనకు కొంతైనా దగ్గరగా వచ్చేది ఎంటమాఫ్తోరా మస్కే అనే మరో శిలీంధ్రం. దీన్ని 1855లోనే వర్ణించారు. ఇది సోకిన ఈగ సాయంకాలానికి ఎత్తయిన చోటికి ఎక్కి, తొండాన్ని చాచి అక్కడ అతుక్కుపోయి, రెక్కలు పైకెత్తి ప్రాణం విడుస్తుంది. అద్దం మీద చనిపోయిన అలాంటి ఈగ చుట్టూ, చిమ్మిన సిద్ధబీజాలతో ఏర్పడిన తెల్లని వలయం కంటికి కనిపిస్తుంది. ఇక్కడ కూడా మెదడును తినేయడమన్నది సరైన మాట కాదు. శిలీంధ్ర కణాలు మెదడులోకి చేరే మాట నిజమే అయినా, ఈగ పైకి ఎక్కడం వెనుక దాని జీవగడియారానికి సంబంధించిన నాడీకణాలు, హార్మోన్లను స్రవించే గ్రంథి పనిచేస్తున్నాయని 2023లో వెలువడిన పరిశోధన చూపింది. అంటే ఈగలో ఉన్న యంత్రాంగాన్నే శిలీంధ్రం తనకు అనుకూలంగా తిప్పుకుంటోంది.

ఇక మత్తుమందు సంగతి. రంధ్రం పడ్డ ఈగ అంత చురుకుగా ఎలా ఉండగలుగుతోందన్న ప్రశ్నకు, యాంఫెటమిన్ అనే ఉత్తేజక మాదకద్రవ్యం వంటి పదార్థమేదైనా కారణం కావచ్చునని పరిశోధకులు ఒక అనుమానం వెలిబుచ్చారు. ఆ ఊహకు బలమిచ్చింది సికాడాలనే కీటకాలపై పెరిగే మాసోస్పోరా అనే బంధు శిలీంధ్రం. దానిలో కాథినోన్ అనే ఉత్తేజకం ఉన్నట్టు 2019లో తేలింది. సికాడాలో దొరికినదాన్ని ఈగకు బదిలీ చేసి, "కావచ్చు"ను "అయింది"గా మార్చేశారు. అనుమానమని చెప్పుకున్న పరిశోధకులకు ఇది అన్యాయమని నా అభిప్రాయం.

మనుషుల వంతు వస్తుందన్న భయానికి కాస్త జాగ్రత్తగా జవాబివ్వాలి. స్ట్రాంగ్‌వెల్సియా జాతులు ఒక్కొక్కటీ ఒకే జాతి ఈగకో, దగ్గరి సంబంధమున్న కొన్నింటికో పరిమితమవుతాయి. టైగ్రినే ఆతిథేయి (అది సోకే ఈగ) కోయెనోసియా టైగ్రినా అయితే, ఎసెరోసాకు కోయెనోసియా టెస్టేసియా. పక్కనున్న మరో ఈగకే సోకలేని జీవి క్షీరదానికి సోకడం చాలా దూరపు మాట. పైగా శిలీంధ్రాల్లో అత్యధికం మన శరీరపు 37 డిగ్రీల వేడిని తట్టుకోలేవు. ఈ వర్గపు దూరపు బంధువుల్లో కోనిడియోబోలస్ కొరోనేటస్ ఉష్ణమండలాల్లో మనుషుల ముక్కు, ముఖ భాగాలకు అరుదైన వ్యాధిని కలిగిస్తుందన్నది నిజమే. కానీ అది మట్టిలో, కుళ్లుతున్న ఆకుల్లో బతికే శిలీంధ్రం. దాన్ని చూపించి ఈగల పరాన్నజీవికి భయపడమనడం తర్కం కాదు.

ఈగల నిర్మూలన అనే శుభవార్తకూ ఇదే గతి. కోయెనోసియా ఈగలు ఇంట్లో ముసిరేవి కావు, ఇతర చిన్న కీటకాలను గాలిలోనే పట్టి తినే వేటగాళ్లు. వాటి దగ్గరి బంధువైన కోయెనోసియా అటెన్యుయేటా గ్రీన్‌హౌసుల్లో తెల్లదోమను వేటాడి పెంపకందారులకు మేలు చేస్తుంది. కాబట్టి టైగ్రినేను పెంచి వదలగలిగినా పోయేది ఇంట్లోని ఈగ కాదు, ఆ వేటగాడే. పైగా ఈ వర్గపు శిలీంధ్రాలను ప్రయోగశాలలో భారీగా పెంచడం ఎంతో కష్టం. పురుగుల నివారణకు మార్కెట్లో నిజంగా అమ్ముడవుతున్న శిలీంధ్రాలు బవేరియా, మెటారైజియం. అవి వేరే వర్గానికి చెందినవి, కృత్రిమ మాధ్యమంపై సులువుగా పెరిగేవి.