బ్లాక్ చేస్తే పోయేదానికి కేసెందుకు అంటారా?

విశాఖలో అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోనూ కాలేజీ గ్రూపుల్లోనూ ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: బూతు, బెదిరింపు లేకుండా మెసేజ్ పెడితే నేరం కాదు. ప్రొఫైల్ పబ్లిక్‌గా పెట్టుకున్నాక చూస్తున్నారని గోల చేయకూడదు. నచ్చకపోతే బ్లాక్ చేస్తే సరి. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మెసేజ్‌లు పెడితే శిక్షించే ఐటీ చట్టం సెక్షన్ 66ఏని సుప్రీంకోర్టే కొట్టేసింది. ఫేక్ అకౌంట్ అయితే పోలీసులూ ఏం చేయలేరు. చివర్లో "షేర్ చేసి అబ్బాయిల జీవితాలు కాపాడండి" అని ఒక పిలుపు.

"బూతు లేదు, బెదిరింపు లేదు, ఇంక నేరమేంటి?"

స్టాకింగ్ (ఇష్టం లేదన్నా వెంటపడటం, నిఘా పెట్టడం) కేసుకి బూతుతో పనే లేదు. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ (2024 జూలై 1కి ముందు పాత శిక్షాస్మృతి ఐపీసీలో 354డి) చూసేవి వేరు. తనకి ఇష్టం లేదని ఆమె స్పష్టంగా తెలియజేసినా అతను వెంటపడి మళ్లీ మళ్లీ మాట కలపబోయాడా? లేదా ఆమె ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకం మీద నిఘా పెట్టాడా? రెండోదానికి ఆమె "వద్దు" అని చెప్పి ఉండాల్సిన అవసరం కూడా లేదు. నిఘా జరుగుతున్నట్టు చాలాసార్లు ఆమెకే తెలియదు కదా!

పెందుర్తి నుంచి మద్దిలపాలెం వైపు కాలేజీకి వచ్చే ఒక అమ్మాయి ఫోన్‌లో వరస ఇలా ఉంది. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. "పసుపు చుడీదార్ బాగుంది." రెండ్రోజులాగి, "ఎన్ఏడీ దగ్గర బస్సు మారావేం?" ఆమె "దయచేసి నాకు మెసేజ్ పెట్టకండి" అని రాసింది. అవతల్నుంచి ఒక నవ్వు బొమ్మ, మర్నాడు పొద్దున్నే "గుడ్ మార్నింగ్". ఆ వారంలోనే, "రాత్రి ఒంటిగంట దాకా ఆన్‌లైన్‌లో ఎవరితో?"

వీటిలో ఏ ఒక్కటి చూపించినా ఇంట్లోవాళ్లు "ఇందులో ఏముందమ్మా" అనేస్తారు. వరసగా చదివితే ఆ పిల్ల బస్సెక్కాలంటే ఎందుకు జంకుతోందో తెలుస్తుంది. ఫార్వర్డ్ రాసినాయన ఒక్కో మెసేజ్‌నీ విడదీసి చూసి ఇందులో తప్పేముంది అంటున్నాడు. చట్టం ఆ వరస మొత్తాన్ని చూస్తుంది, "వద్దు" అన్నాక ఏం జరిగిందో చూస్తుంది. ఒకసారి "హాయ్" అని, జవాబు రాకపోతే తన దారిన తాను పోయినవాణ్ణి స్టాకర్ అని ఎవరూ అనడం లేదు.

"పబ్లిక్‌గా పెట్టుకున్నాక చూడకూడదా?"

చూడొచ్చు. ఆర్కే బీచ్‌లోనూ అందరూ నడవొచ్చు. అలాగని రోజూ ఒకరి వెనకాలే నడిచి, ఎక్కడ కూర్చున్నారో ఎవరితో మాట్లాడారో వాళ్లకే అప్పజెప్పడం షికారు అనిపించుకోదు. పైగా నిఘా అంటే ప్రొఫైల్ చూడటం ఒక్కటే కాదు. ఒక్క నిమిషం ఫోన్ చేతికిస్తే చాలు, ఆమె వాట్సాప్‌ని తన ల్యాప్‌టాప్‌కి లింక్ చేసుకుని నెలల తరబడి చదివేవాళ్లున్నారు. చేసేది ముక్కూమొహం తెలియనివాడే కానక్కర్లేదు, మాజీ ప్రియుడో మేనబావో కావచ్చు. సెట్టింగ్స్‌లో "లింక్డ్ డివైసెస్" అన్నచోట తెలియని కంప్యూటర్ పేరు కనిపిస్తే ముందు దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఆ తర్వాతే లాగౌట్ కొట్టండి.

అసలు బాధితురాలికి ఒక్క మెసేజ్ కూడా పెట్టకుండా వేధించొచ్చు. 2000ల మొదట్లో ఢిల్లీలో ఒకడు ఒక మహిళ పేరుతో చాట్ చేస్తూ ఆమె ఫోన్ నంబర్ ఊరందరికీ పంచాడు. అపరిచితులు వేళాపాళా లేకుండా ఆమెకి ఫోన్లు చేశారు. అప్పటికి స్టాకింగ్ సెక్షన్ లేదు, మహిళ గౌరవానికి భంగం కలిగించడాన్ని నేరంగా చూసే ఐపీసీ 509 కింద కేసు పెట్టారు. ఇవాళైతే ఇంకొకరి గుర్తింపు వాడుకున్నందుకు ఐటీ చట్టంలో 66సి, 66డి ఉన్నాయి.

"బ్లాక్ చేస్తే పోలా?"

బ్లాక్ చేస్తే పోయేది ఒక్క అకౌంటే. వాడు కొత్త సిమ్‌తో వస్తాడు, కొత్త ఐడీతో వస్తాడు, స్నేహితురాలి ఇన్‌బాక్స్‌లోకి, వాళ్లమ్మ ఫోన్‌లోకి వస్తాడు. అయితే ఈ సలహా తెలియకుండానే ఒక మేలు చేస్తోంది. ఇష్టం లేదని తెలియజేయడానికి బ్లాక్ చేయడం కంటే స్పష్టమైన మార్గం ఏముంటుంది? ఆ తర్వాత కొత్త నంబర్ నుంచి వచ్చిన ప్రతి మెసేజ్ కేసుకి బలమే. బ్లాక్ చేసేముందు తేదీ, టైము, ప్రొఫైల్ లింక్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. చాట్ డిలీట్ చేయొద్దు, ఆ ఫోన్ మార్చేయొద్దు.

"66ఏ కొట్టేశారు"

2015 మార్చి 24న కొట్టేశారు, నిజమే. "చికాకు", "అసౌకర్యం" లాంటి అస్పష్టమైన మాటలతో భావప్రకటన గొంతు నొక్కుతోందని. స్టాకింగ్ సెక్షన్ దానికి రెండేళ్ల ముందే, 2013లో, వేరే చట్టంలోకి వచ్చింది. ఆ తీర్పు దాని జోలికే పోలేదు.

"ఫేక్ అకౌంట్ దొరకదు"

వీపీఎన్ (ఎక్కడి నుంచి నెట్ వాడుతున్నారో కనపడనివ్వని యాప్) వాడి, పక్కాగా దాక్కున్నవాణ్ణి పట్టుకోవడం కష్టమే. కానీ ఎక్కువమంది అంత తెలివిగా చేయరు, సొంత ఫోన్, ఇంటి వైఫై వాడతారు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం అకౌంట్ మూసేసినా రిజిస్ట్రేషన్ వివరాలను సోషల్ మీడియా కంపెనీ 180 రోజులు దాచాలి. అధికారం ఉన్న దర్యాప్తు సంస్థ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో సమాచారం ఇవ్వాలి. "చూద్దాంలే, మానేస్తాడేమో" అని ఏడాది ఆగితే ఆ ఆధారాలు జారిపోతాయి.

ఫార్వర్డ్‌లో లేని రెండు సంగతులు నేనే చెప్తాను, ఎలాగూ కామెంట్లలో వస్తాయి. మొదటిసారి అయితే స్టాకింగ్ బెయిలబుల్ నేరం, అంటే బెయిలు హక్కుగా దొరుకుతుంది. అంత మాత్రాన చిన్నదైపోదు, శిక్ష మూడేళ్ల దాకా, రెండోసారి అయిదేళ్ల దాకా. ఇక 78వ సెక్షన్ మహిళలకే వర్తిస్తుందన్నది నిజం, నా దృష్టిలో అది లోపమే. వేధింపులకు గురయ్యే అబ్బాయి బెదిరింపుకి అదే సంహితలోని 351వ సెక్షన్ వాడుకోవాలి. బెదిరించినవాడు పేరు దాచుకుంటే అదనంగా రెండేళ్ల దాకా శిక్ష ఉంది.

ఫిర్యాదుకి సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తున్నారు చాలామంది. అది డబ్బు పోయిన కేసులకి. వేధింపులకైతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లల విభాగం ఉంది, లేదా నేరుగా స్టేషన్‌కి వెళ్లొచ్చు. గాజువాక అమ్మాయి ఎంవీపీ స్టేషన్‌కి వెళ్లినా "మా పరిధి కాదు" అని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్) రాయాలి. ఆన్‌లైన్‌లో ఇచ్చిన సమాచారం మీద ఎఫ్‌ఐఆర్ కావాలంటే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి.