గోదారి గట్టున మెకానికల్ చదువు

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరద వచ్చిన ఏడాదల్లా ఈ మూడు అంకెలూ మొదటి పేజీలో అచ్చవుతాయి. వాటి పక్కనే 10 లక్షల క్యూసెక్కులు, 13 లక్షలు, 17 లక్షలు అన్న లెక్క కూడా. లంక గ్రామాల్లో బడి ముఖం చూడని పెద్దవాళ్లకు కూడా ఇవి కంఠతా వచ్చు. ఏ మట్టానికి ఏ లంకలోకి నీళ్లు వస్తాయో వాళ్లు కూర్చున్నచోటి నుంచే చెబుతారు. అడుగుల్లో చూసిన మట్టం క్యూసెక్కుల్లోకి ఎలా మారుతుందన్న సంగతి బీటెక్ మెకానికల్ రెండో ఏడాది పాఠంలో ఉంది. ఆ పాఠం చదివి, పరీక్ష రాసి, పాసైన డెల్టా కుర్రాళ్లలో ఈ రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఎందరు?

చూస్తే తమాషాగా ఉంటుంది. కట్ట మీదుగా పొర్లే ప్రవాహం నీటి ఎత్తుకు ఒకటిన్నర ఘాతంలో పెరుగుతుందని ఫ్లూయిడ్ మెకానిక్స్ పుస్తకం చెబుతుంది. 11.75 అడుగుల దగ్గర 10 లక్షలని పెట్టుకుని లెక్క వేస్తే 13.75 దగ్గర 12.7 లక్షలు రావాలి. హెచ్చరికల పట్టికలో ఉన్నది 13 లక్షలు. కాస్త ఎక్కువే అయినా దాదాపు కుదిరింది. అదే సూత్రం 17.75 దగ్గర 18.6 లక్షలు చూపిస్తుంది, పట్టికలో మాత్రం 17 లక్షలే. ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ. ఎందుకు? స్కేలు సున్నా కట్ట అంచు దగ్గరే మొదలవుతుందా, ఇంకెక్కడైనానా? దిగువన కూడా నది నిండిపోయి ఉంటే సూత్రం అలాగే నిలుస్తుందా? గేట్లన్నీ ఎత్తేశాక మధ్యలోని స్తంభాలు ఎంత అడ్డం పడతాయి? పట్టికలోని అంకెలు ఎంతవరకు దగ్గరి లక్షకు సర్ది రాసినవి? వైవాలో, అంటే నోటి పరీక్షలో, అడగదగ్గ ప్రశ్నలంటే ఇవీ. 175 గేట్ల బ్యారేజీ బస్సెక్కితే చేరేంత దూరంలో ఉండగా, ‘సూత్రం నోటికి చెప్పు’ అనడంతోనే మన వైవాలు ముగుస్తున్నాయి. మే 15న కాటన్ విగ్రహానికి దండ వేయడంలో మనం ఎవరికీ తీసిపోం. 1847లో మొదలైన ఆనకట్ట 1852కి ఎలా పూర్తయింది, వైనతేయ పాయ మీదుగా గన్నవరం అక్విడక్టు కోనసీమకు నీళ్లను ఎలా దాటించింది అన్నవి మాత్రం మెకానికల్ సిలబస్‌లో ఎక్కడా తగలవు.

ఇక ల్యాబ్ ఎలా నడుస్తుందో ఆ దారిన వచ్చినవాళ్లందరికీ తెలుసు. ఓ ఇనుప తొట్టి, దాని చివర వీ ఆకారంలో కోసిన రేకు, నీటి ఎత్తు కొలిచే హుక్ గేజ్, కింద కలెక్టింగ్ ట్యాంకు, చేతిలో స్టాప్‌వాచ్. బ్యాచ్‌లో ఇద్దరు రీడింగులు తీస్తారు, మిగతావాళ్లు ఫోన్లు తీస్తారు. కోఎఫిషియంట్ ఆఫ్ డిశ్చార్జ్ (నిజంగా పారిన నీటికీ సూత్రం చెప్పిన నీటికీ నిష్పత్తి) 0.6 చుట్టుపక్కల రావాలని సీనియర్ల రికార్డు ముందే చెప్పేసి ఉంటుంది. 0.48 వచ్చిందనుకోండి, ఎందుకొచ్చిందని ఎవరూ ఆగరు. 0.62 నుంచి వెనక్కి లెక్కగట్టి సెకన్లు సరిచేస్తారు. అసలు పాఠమంతా ఆ 0.48లోనే ఉంది. హుక్ గేజ్ సున్నా తప్పు పెట్టారా, కలెక్టింగ్ ట్యాంకు వాల్వు కారుతోందా, నీరు నిలకడకు రాకముందే రీడింగు తీశారా? వీటిలో ఒక్కటి పట్టుకున్నా ఆ మధ్యాహ్నం సార్థకమయ్యేది. మార్కులు మాత్రం 0.62కే పడుతున్నాయి.

తప్పు పిల్లలదని మేము అనం. నాలుగేళ్ల బీటెక్‌కు 160 క్రెడిట్లు చాలని సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్‌లో ఖరారు చేసింది. బరువు తగ్గించడం మంచిదే. తగ్గిన గంటల్లోకి మన రాష్ట్రంలో స్కిల్ కోర్సులు, ఇంటర్న్‌షిప్పులు, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వచ్చి చేరాయి. కాగితం మీద ఇదీ మంచిదే. ఊళ్లోకి వెళ్లి సమస్య చూసి రమ్మంటే చాలాచోట్ల జరుగుతున్నది సర్వే ఫారాలు నింపడం, దాన్నీ ఇంట్లో కూర్చునే నింపడం. మెకానికల్ విద్యార్థి అయినా, కంప్యూటర్ విద్యార్థి అయినా ఒకే ఫారం, ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా లేదా అని. ఆ వీధి చివర డ్రెయిన్ మీద పెట్టిన పంపు నిమిషానికి ఎంత నీరు తోడుతోంది, ఎంత కరెంటు తాగుతోంది అన్నది ఆ ఫారంలో ఉండదు.

ఈలోగా సీట్లు కరిగిపోతున్నాయి. కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లలో మెకానికల్ కిందికి జారి చాలా ఏళ్లయింది. బాగా నడుస్తున్న కాలేజీలకు ఒక్కో బ్రాంచిలో ఇన్నే సీట్లన్న పరిమితిని 2024-25 నుంచి ఏఐసీటీఈ ఎత్తేశాక కంప్యూటర్ సెక్షన్లు పెంచుకోవడానికి అడ్డు లేకుండా పోయింది. లేతులు తుప్పు పడుతున్న వర్క్‌షాపుల్లో ఏసీలు పెట్టి సిస్టమ్స్ దించుతున్నారు. సాఫ్ట్‌వేర్ జీతం చూసి తల్లిదండ్రులు అటు మొగ్గితే తప్పు పట్టేవాళ్లం కాదు. ఎకరా అమ్మి ఫీజు కట్టినవాళ్లకు ఉపన్యాసం ఇవ్వడం ఎవరికీ తగదు. కానీ ఈ నేల మీద పనంతా యంత్రాలతోనే నడుస్తోంది. రైస్ మిల్లులు, చేపల చెరువులు, ఐస్ ఫ్యాక్టరీలు, కొబ్బరి పీచు యూనిట్లు, గ్యాస్ బావులు. ఇంత యంత్రసామగ్రి ఉన్న ప్రాంతంలోనే మెకానికల్ చదువుకు గిరాకీ లేదంటే, ఆ చదువుకీ ఈ యంత్రాలకీ మధ్య ఎక్కడో బెల్టు జారింది.

పేరు మార్చి గిరాకీ తేవాలన్న ప్రయత్నమూ చూస్తున్నాం. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగినప్పటి నుంచి ‘ఏరోస్పేస్’ అన్న మాటకు కొత్త మెరుపు వచ్చింది. శ్రీహరికోట మన రాష్ట్రంలోనే ఉండటం మరో కారణం. పిల్లవాడికి రాకెట్ల మీద మక్కువ ఉంటే ఆ బ్రాంచిలో చేర్పించడంలో తప్పేమీ లేదు. అయితే తల్లిదండ్రులు ఒక సంగతి తెలుసుకోవాలి. ఏరోస్పేస్ మొదటి రెండేళ్లు చాలావరకు మెకానికల్ మొదటి రెండేళ్లే. అదే లెక్కలు, అదే మెకానిక్స్, అదే థర్మోడైనమిక్స్, అదే స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్. ఏరోడైనమిక్స్, ప్రొపల్షన్, ఫ్లైట్ మెకానిక్స్ ఆ తర్వాత వస్తాయి. ఇస్రో సైంటిస్ట్/ఇంజినీర్ పోస్టులకు మెకానికల్ వాళ్లను పిలుస్తూనే ఉంది. రాకెట్‌కు ఇంధనం అందించే టర్బోపంపు ఇంపెల్లరుకూ (లోపల తిరిగే చక్రం), చేపల చెరువుకు నీరు తోడే పంపు ఇంపెల్లరుకూ గీసేది ఒకే వెలాసిటీ ట్రయాంగిల్, అంటే చక్రం వేగాన్నీ ద్రవం వేగాన్నీ కలిపి చూపే త్రిభుజం. తోడే చోటు మరీ లోతైపోతే చెరువు పంపులో నీరు ఆవిరి బుడగలై చిట్లి ఇంపెల్లరును కొరుకుతుంది. ఆ కావిటేషనే టర్బోపంపుకూ శత్రువు. అది రాకుండా ఇంపెల్లరు ముందు ఇండ్యూసర్ అని స్క్రూ లాంటి చిన్న చక్రం పెడతారు. చెరువు గట్టు మీద మోటారు గరగరమన్నప్పుడు ఎందుకని ఆగినవాడికి ఆ ఇండ్యూసర్ ఒక్క పూటలో అర్థమవుతుంది. ఆగనివాడికి ఎంత ఖరీదైన బ్రాంచి పేరూ దాన్ని నేర్పలేదు.

విమానశాస్త్రం చదవాలన్నా ఈ డెల్టా వదిలి పోనక్కర్లేదనడానికి ఒక చేను చాలు. ఇప్పుడు వరి మీద డ్రోన్లతో మందు కొడుతున్నారు. 2023 నవంబరులో మొదలైన నమో డ్రోన్ దీదీ పథకంతో మహిళా సంఘాల చేతికీ అవి వస్తున్నాయి. 10 లీటర్ల ట్యాంకుతో, మొత్తం 25 కిలోల బరువుతో లేచే డ్రోను ఒకటి తీసుకుందాం. ఆరు రోటర్లు, ఒక్కోటి 30 అంగుళాల వ్యాసం. అది గాలిలో నిలబడాలంటే రోటర్ల గుండా గాలి సెకనుకు సుమారు 6 మీటర్ల వేగంతో కిందికి దిగాలి. ఇంకాస్త కిందికి ఆ ధార సన్నబడి వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఏ నష్టాలూ లేవనుకున్నా ఇందుకు కిలోవాటున్నర శక్తి కావాలి, నిజంలో ఇంకా ఎక్కువ. 40 డిగ్రీల ఎండలో గాలి, పుస్తకం ప్రామాణికంగా తీసుకునే 15 డిగ్రీల గాలి కంటే 8 శాతం పలచన. కాబట్టి బ్యాటరీ ఇంకాస్త ముందే దిగుతుంది. ఇదంతా మూడో ఏడాది విద్యార్థి అరపేజీలో వేయగల లెక్క.

అసలు ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది. సుడిదోమ ఆకు మీద ఉండదు, దుబ్బు మొదట్లో, నీటికి ఆనుకుని కూర్చుంటుంది. రోటరు తోసే గాలి మందు తుంపరను అక్కడిదాకా తీసుకెళ్తోందా, పై ఆకుల మీదే వదిలేస్తోందా? ఎంత ఎత్తులో, ఎంత వేగంతో ఎగిరితే ఎక్కువ దిగుతుంది? నాట్లప్పుడే కాలిబాటలు తీసిన చేలో ఒకలాగా, తీయని చేలో ఇంకోలాగా ఉంటుందా? తడి తగిలితే నీలంగా మారే కాగితపు ముక్కలు దుబ్బుకు పైన ఒకటి, మధ్యలో ఒకటి, మొదట్లో ఒకటి కట్టి, ట్యాంకులో మందు బదులు ఉత్త నీళ్లు పోసి ఎగరేస్తే చాలు. మచ్చలు లెక్కపెట్టుకోవచ్చు. విండ్ టన్నెల్ అక్కర్లేదు. ఆ మచ్చల లెక్క రైతుకూ పనికొస్తుంది, మందు కంపెనీ ఏజెంటు చెప్పే మాటతో పోల్చుకోవడానికి.

భీమవరం వైపు వెళ్తే ఏరియేటర్లు, చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాలు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అడుగంటే వేళకు రైతు గుండె దడదడలాడుతుంది. 1,440 చుట్లు తిరిగే మోటారును గేరుబాక్సు నిమిషానికి 100 చుట్లకు అటూ ఇటూగా దించి తెడ్డు చక్రాలను తిప్పుతుంది. ఉప్పు నీటిలో ఆయిల్ సీలు ముందు పోతుంది, దాని వెనకే బేరింగు. ఒక యూనిట్ కరెంటుకు ఎంత ఆక్సిజన్ నీటిలో కలుస్తోంది, తెడ్డు ఎంత లోతు మునిగితే మేలు, సీలుకు ఏ రబ్బరు నిలుస్తుంది అన్న మూడు ప్రశ్నల్లో థర్మోడైనమిక్స్, మెషిన్ డిజైన్, మెటీరియల్స్ మూడూ ఉన్నాయి. రిపేరు షెడ్లలో ఐటీఐ చదివిన మెకానిక్కులకు వీటిలో సగం చేతి అనుభవంతోనే తెలుసు. వాళ్ల ముందు బీటెక్ కుర్రాడు కూర్చుని నేర్చుకునే ఏర్పాటు మాత్రం ఏ సిలబస్‌లోనూ లేదు.

ప్రాణాల లెక్క కూడా ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి ఎగదన్ని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఊళ్లోవాళ్లు నిద్రలోనే కాలిపోయారు. బావిలో వెయ్యి మీటర్ల నీటి స్తంభం అడుగున దాదాపు 98 బార్ల పీడనం ఉంటుంది. కింది గ్యాసు అంతకు మించి తంతే దాన్ని అణచడానికి బావిలో నింపే డ్రిల్లింగ్ మడ్ (బురద ద్రవం) బరువు పెంచాలి. పైపు గోడలో స్ట్రెస్‌కు ‘పీడీ బై టూటీ’ (పీడనాన్ని వ్యాసంతో గుణించి, గోడ మందానికి రెట్టింపుతో భాగించడం) అన్న సూత్రం ప్రతి మెకానికల్ విద్యార్థికీ నోటికి వచ్చు. తుప్పు తినేసి గోడ మందం సగమైతే అదే పీడనానికి స్ట్రెస్ రెట్టింపవుతుందని ఆ సూత్రమే చెబుతోంది. పెరటి కింద నుంచి పైపులైన్లు పోయే కోనసీమ ఇళ్లలో ఈ ఒక్క ముక్క తెలిసిన కుర్రాడు ఉంటే కంపెనీని అడగవలసిన ప్రశ్న అడగగలడు. ఆఖరిసారి మందం ఎప్పుడు కొలిచారు, ఎంత వచ్చింది అని.

అడ్డంకులు మాకు తెలియనివి కావు. రొయ్యలకు సోకే వైట్‌స్పాట్ వ్యాధి భయంతో రొయ్యల రైతు బయటివాళ్లను గట్టు ఎక్కనివ్వడు. అతని భయం న్యాయమే, కాళ్లు కడుక్కుని మందునీటిలో ముంచి దిగమంటే దిగాలి. బ్యారేజీ మీదికి పిల్లల్ని పంపాలంటే జలవనరుల శాఖ అనుమతి కావాలి. గ్యాస్ కంపెనీలు గేటు తీయవు. వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి కాలేజీ లోపలే ఉంది. నెలల తరబడి జీతం రాని లెక్చరరును ఆదివారం చేలో నిలబెట్టి మచ్చలు లెక్కపెట్టమంటే ఏ ముఖంతో అడుగుతాం? యాజమాన్యాలు ముందు అది సరిచేసుకోవాలి. పరీక్ష విషయంలో యూనివర్సిటీ బాధ్యత తక్కువేమీ కాదు. సిలబస్‌లో ఏం రాసినా ఆఖరున 70 మార్కుల ప్రశ్నపత్రం గడిచిన అయిదేళ్ల పేపర్ల చుట్టూనే తిరుగుతున్నంతకాలం పిల్లలు ఆల్-ఇన్-వన్‌లే కొంటారు.

అందుకే అడుగుతున్నది చిన్నదే. ప్రతి ల్యాబ్ కోర్సులో ఒక్క ప్రయోగాన్ని తొట్టి దగ్గర నుంచి తీసి బయట పెట్టండి. కాలవ తూము, ఏరియేటరు, మిల్లు బాయిలరు, స్ప్రేయర్ డ్రోను, ఏదైనా సరే. రీడింగు పుస్తకంతో కుదరకపోతే మార్కులు కోయకండి, ఎందుకు కుదరలేదో రాసిన పేజీకి మార్కులు వేయండి. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో మెకానికల్ పిల్లలకు ఇంటింటి ఫారం బదులు ఒక యంత్రం అప్పగించండి. 1946లో విశాఖలో మొదలై కాకినాడకు తరలివచ్చిన ఇంజినీరింగ్ కాలేజీ వారసత్వం ఉన్న జేఎన్‌టీయూ-కాకినాడ ఇది తదుపరి రెగ్యులేషన్‌లో పెట్టాలి. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు అంతవరకు ఆగనక్కర్లేదు. ల్యాబ్ మాన్యువల్లో ఒక ప్రయోగం మార్చడం సిలబస్ నిర్ణయించే వాళ్ల బోర్డ్ ఆఫ్ స్టడీస్ చేతిలో పని. జూన్‌లో కాలవలకు నీళ్లు వదిలేలోగా ఆ తీర్మానం అయిపోతే మొదటి రీడింగులు ఈ సార్వాలోనే తీయొచ్చు.