తొంభై శాతం దొంగ

స్కైరిమ్ అనే వీడియో గేమ్ 2011 నవంబర్ 11న విడుదలైంది. అప్పట్నుంచీ ఆ ఆటలోని రిఫ్టెన్ ఊరి సంతలో ఒక వెండి ఉంగరం చేతులు మారుతూనే ఉంది. మడేసి అనే బల్లిమొహం నగల వ్యాపారి అంగడి కింద పెట్టెలోంచి దాన్ని తియ్యాలి, దగ్గర్లోనే కూర్చున్న బ్రాండ్-షెయ్ జేబులో వెయ్యాలి. దొంగతనం అతని నెత్తిన పడాలి. పని పురమాయించింది బ్రిన్యోల్ఫ్, ఊళ్ళో దొంగల సంఘంలో పెద్దమనిషి. జనం చూపు మళ్ళించడానికి తనేమో ఏదో మహిమగల మందంటూ సీసా పట్టుకుని అరుస్తుంటాడు. మన దొంగ, అంటే ఆటలో మనం నడిపే పాత్ర, తాళం తీశాడు, ఉంగరం తీశాడు. అక్కడిదాకా చెప్పుకోవడానికేం లేదు.

ఇక్కడ దొంగగారి వేషం గురించి ఒక మాట. జాతికి ఖజీత్, అంటే తోకున్న పిల్లి మనిషి. నక్కి నడిచే స్కిల్ మామూలు జాతులకు 15తో మొదలైతే వీడికి 25. కవచం బరువు పెరిగేకొద్దీ చప్పుడు పెరుగుతుంది కాబట్టి ఒంటిమీద చొక్కా, కాళ్ళకు మామూలు చెప్పులు, అంతే. మరి కత్తి తగిలితే? దానికి ఓక్‌ఫ్లెష్ అని మంత్రం ఉంది: 60 సెకన్లపాటు 40 పాయింట్ల రక్షణ. కవచం ముక్క ఒక్కటి కూడా లేకుండా ఉంటే మేజ్ ఆర్మర్ అనే పెర్క్ (స్కిల్ పెరిగేకొద్దీ ఎంచుకునే అదనపు శక్తి) దాన్ని రెట్టింపు చేస్తుంది. ఎనభై! వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఈ ఆటలో ఒక్కో పాయింటు ఆపేది దెబ్బలో 0.12 శాతం. ఎనభైకి 9.6 శాతం. అదే ఎవడో పాత తోలు టోపీ, కోటు, గ్లవ్స్, బూట్లు తగిలించుకుని వస్తే, ఒక్కో ముక్కకు ఆట గుట్టుచప్పుడు కాకుండా 25 పాయింట్లు, అంటే 3 శాతం, కలిపేస్తుంది. ఆ తోలుకున్న సొంత పాయింట్లు లెక్కలోకి రాకముందే వాడు 12 శాతంలో ఉంటాడు. పైగా మంత్రం వేస్తే చప్పుడొకటి. ఇల్యూజన్ విద్యలో 50 దాకా ఎక్కి క్వయట్ కాస్టింగ్ పెర్క్ తీసుకుంటే తప్ప అది ఆగదు. చప్పుడు కాకూడదని కవచం విప్పి, విప్పిన లోటు పూడ్చడానికి చప్పుడు చేసే మంత్రం! ఇదే వరసలో ముందు 2002లో వచ్చిన మోరోవిండ్‌లో కవచం వేసుకోనివాళ్ళ కోసం విడిగా ఒక స్కిలే ఉండేది. 2006లో తర్వాతి ఆట ఆబ్లివియన్ వచ్చేసరికి పీకేశారు. ఎందుకు పీకారో పీకినవాళ్ళకే తెలియాలి.

సరే, సంత. పట్టపగలు. నడిబజారులో మన దొంగ గొంతుక్కూర్చుని, ఆ కూర్చున్న భంగిమలోనే డేక్కుంటూ బ్రాండ్-షెయ్ వెనక్కి చేరాడు. ఊళ్ళో ఒక్కడైనా ఇదేం నడకరా అని నిలదియ్యడు. పక్కనుంచి కాపలావాడు పోతాడు, కూరగాయలావిడ చూస్తుంది, ఎవరికీ పట్టదు. తెర మధ్యలో ఒక కన్ను గుర్తు ఉంటుంది. అది మూసుకుంటే ఎవరూ చూడనట్టు, తెరుచుకుంటే దొరికిపోయినట్టు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని మనవాళ్ళు ఊరికే అనలేదు, ఆట చేసినవాళ్ళు దాన్ని ఏకంగా సూత్రంగా పెట్టేసుకున్నారు. కన్ను మూసుకుంది. జేబు తెరిచాడు.

జేబు తెరవగానే లోకం ఆగిపోతుంది. నిజంగానే. బ్రిన్యోల్ఫ్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే, కోడి కాలెత్తినది ఎత్తినట్టే. ఈ లోపల మీరు లేచి వెళ్ళి పెసరట్టు వేసుకుని, తిని, చెయ్యి కడుక్కుని రావచ్చు, పిల్లి చెయ్యి మాత్రం బ్రాండ్-షెయ్ జేబులోనే ఉంటుంది. జేబు తెరిచి ఉండగా, ఆటను అక్కడికక్కడ భద్రపరిచే క్విక్‌సేవ్ నొక్కినా లాభం లేదు. చేసుకోవాల్సిందేదో జేబు తెరవకముందే చేసుకోవాలి.

ఇలా ఆగిపోయిన లోకంలో అందరి కళ్ళూ ఒక అంకె మీదే ఉంటాయి. ఒక్కో వస్తువు పక్కన, దొరక్కుండా బయటపడే అవకాశం ఎంతో శాతంలో చూపిస్తుంది. మీ జేబుకోత స్కిల్, ఎదుటివాడి స్కిల్, వస్తువు ఖరీదు, బరువు, అన్నీ కలిపి తేల్చిన లెక్క అది. ఖరీదైనదైతే తగ్గుతుంది, బరువైనదైతే ఇంకా తగ్గుతుంది. అవతలివాడు నిద్రపోతుంటే నైట్ థీఫ్ పెర్క్ ఉన్నవాళ్ళకు 25 కలుస్తుంది, కానీ బ్రాండ్-షెయ్ కళ్ళు తెరుచుకునే కూర్చున్నాడు. ఎంత కలిసినా ఏం లాభం, అన్నిటికీ పైన ఒక మూత ఉంది: 90. స్కిల్ 100 చేసుకోండి, పెర్కులన్నీ కొనుక్కోండి, మందులు తాగండి, మంత్రించిన ఉంగరాలు పెట్టుకోండి, 90 దాటదు. స్కిల్ 100 దగ్గర పర్ఫెక్ట్ టచ్ అనే పెర్క్ వస్తుంది. దాంతో ఎదుటివాడు తొడుక్కున్న చొక్కానే ఒంటిమీంచి లాగెయ్యొచ్చు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉంటాడు, బట్టలు మాత్రం ఉండవు. అంతటి మహానుభావుడికి కూడా ఒక బంగాళాదుంప తియ్యబోతే పదింట ఒకసారి చెయ్యి దొరుకుతుంది. ఇదెక్కడి న్యాయం?

ఇంకో తిరకాసు ఉంది. ఈ 90 జేబుకు కాదు, వస్తువుకు. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా పాచికలు మళ్ళీ వేస్తారు. మూడు వస్తువులు తీస్తే మూడుసార్లూ గట్టెక్కే అవకాశం దాదాపు 73 శాతమే. తెలిసినవాళ్ళు ఒక్కటే తీసి లేచిపోతారు. తాళంచెవులకు ఈ బాధ లేదు, స్కిల్ 60 దగ్గర కీమాస్టర్ పెర్క్ తీసుకుంటే అవి దాదాపు ఎప్పుడూ చేతికొచ్చేస్తాయి. ఖజానా తాళంచెవి తియ్యడం తేలికట, బంగాళాదుంప కష్టమట.

జేబులో చెయ్యి పెట్టకుండా పనైపోయే దారి కూడా ఒకటుంది, ఆట తెలిసినవాళ్ళందరికీ తెలిసిందే: బకెట్. వైట్‌రన్‌లో బెలెథోర్ అనే వ్యాపారి కొట్టుకు వెళ్ళి, ఒక బకెట్‌ను చేత్తో ఎత్తిపట్టుకుని ఆయన తలమీద బోర్లించండి. ఎత్తి జరిపినంతమాత్రాన దొంగతనం కాదు, సంచిలో వేసుకుంటేనే దొంగతనం. ఆట ఆ మనిషి తల దగ్గర్నుంచి చూపు గీత గీసి, అడ్డు లేకపోతే చూసినట్టు లెక్కేస్తుంది. బకెట్ అడ్డం కాబట్టి ఆయనకేం కనపడదు. నెత్తిమీద బకెట్ ఎందుకుందని ఆయనకు అనుమానమూ రాదు. తీరిగ్గా అరలు ఖాళీ చేసుకోవచ్చు. ఏళ్ళ తరబడి సాధన చేసి సంపాదించిన విద్య 90 శాతం దగ్గర ఆగిపోతుంది, బకెట్‌కు మాత్రం ఏ పెర్కూ అక్కర్లేదు!

మళ్ళీ జేబులోకి. వెయ్యాల్సింది ఉంగరం. కానీ అదే జేబులో కాసిని నాణేలు కనపడ్డాయి. పక్కన 90. ఎలాగూ చెయ్యి పెట్టాం కదా అని మన పిల్లి ముందు నాణేల మీద నొక్కింది.

లోకం కదిలింది. కన్ను తెరుచుకుంది. బ్రాండ్-షెయ్ లేచి అరిచాడు.

జేబుకోతకు జరిమానా 25 నాణేలు. మనిషిమీద చెయ్యి చేసుకుంటే 40, చంపితే 1000, ఇంట్లో చొరబడితే 5. ధరల పట్టిక అంతా పక్కాగా ఉంది. హోల్డ్ అంటే ఆ దేశంలో ఒక జిల్లా లాంటిది. నేరం చేసిన హోల్డ్‌లోనే జరిమానా, సరిహద్దు దాటి పక్క హోల్డ్‌కు పోతే మీరు పెద్దమనిషే. కాపలావాడు ఎదురొచ్చి అడుగుతాడు: కడతావా, జైలుకొస్తావా, కత్తి దూస్తావా? కత్తి దూస్తే 9.6 శాతం సంగతి పైన చెప్పుకున్నాం. జైల్లో పడుకుంటే స్కిల్స్‌లో పోగేసుకున్న పురోగతి కరుగుతుంది. కట్టడమే నయం అనిపిస్తుంది, ఎంతా, పాతికే కదా.

పాతిక మాత్రమే కాదు. కట్టగానే మీ సంచిలో దొంగసొత్తు అని ముద్రపడ్డ ప్రతి వస్తువూ లాక్కుంటారు. ఊరూరా తిరిగి పోగేసిన వెండి గిన్నెలు, కొవ్వొత్తి స్తంభాలు, నగలు, అన్నీ. మరి అవన్నీ మొయ్యడమెందుకు, ముందే అమ్ముకోవచ్చు కదా అంటారా? మామూలు వ్యాపారులు దొంగసొత్తు కొనరు. స్పీచ్ స్కిల్ 90కి తీసుకెళ్ళి ఫెన్స్ పెర్క్ తీసుకుంటేనే, అదీ మీరు పెట్టుబడి పెట్టిన వ్యాపారులే, కొంటారు. లేదా దొంగల సంఘంలో టోనిలియా అనే ఆవిడ కొంటుంది. ఆమె కొనాలంటే సంఘంలో చేరాలి. సంఘంలో చేరాలంటే ఈ ఉంగరం పని చెయ్యాలి. ఈ పనిలో దొరికితే అమ్మాల్సిన సొత్తంతా పోతుంది! దీన్ని కూర్చుని ఆలోచించి మరీ రాశారో, దానంతటదే ఇలా కుదిరిందో గానీ, దొంగల్ని ఇంత చక్కగా దోచుకునే ఏర్పాటు ఆ ఊళ్ళో దొంగలు కూడా చెయ్యలేదు. పనికి దిగేముందు సొత్తంతా సొంత ఇంట్లో పెట్టెలో పడెయ్యండి. ఇల్లు లేకపోతే ఎవరూ ముట్టని పెట్టె ఏదైనా చూసుకోండి.

ఇంతా అయ్యాక బ్రిన్యోల్ఫ్ దగ్గరికి వెళితే ఏమంటాడనుకున్నారు? తిడతాడా, ఇంకోసారి చెయ్యమంటాడా? ఏమీ లేదు. పోన్లే అబ్బాయ్ అన్న ధోరణిలో, ర్యాగ్డ్ ఫ్లాగన్ అనే సారాకొట్టు వెతుక్కుంటూ రమ్మంటాడు. పనికిచ్చే డబ్బు మాత్రం రాదు. గెలిచినా అదే గుమ్మం, దొరికినా అదే గుమ్మం. ఉంగరం వేసుంటే బ్రాండ్-షెయ్ ఊరికే జైలుకెళ్ళేవాడు, ఈ లెక్కన అతనొక్కడే బాగుపడ్డాడు.

ఆ తర్వాత సంఘంలో చేర్చుకుని యూనిఫాం చేతిలో పెడతారు: టోపీ, కోటు, గ్లవ్స్, బూట్లు. గ్లవ్స్ తాళాలు తియ్యడానికి సాయం, బూట్లు జేబుకోతకు సాయం. అన్నీ తోలు కవచమే, ఒక్కటి తొడిగినా మేజ్ ఆర్మర్ పెర్క్ పనిచెయ్యడం మానేస్తుంది. దానిమీద పెట్టిన పాయింట్లు వెనక్కి రాబట్టుకోవడం అంత తేలికా కాదు. వేసుకోవాలా, మడిచి పక్కన పెట్టాలా అని పిల్లి ఇంకా ఆలోచిస్తూనే ఉంది. కట్టిన ఆ పాతిక నాణేల ఊసు మాత్రం సంఘంలో ఒక్కడూ ఎత్తలేదు.