బరంపురం నుంచి: సైటేషన్ల లెక్కకు అందని పుస్తకం

ఒడిశాలోని గంజాం జిల్లాలో తెలుగు మాతృభాషగా గల పరిశోధకులే కొద్దిమంది; వారిలో మతాధ్యయనాన్ని జీవితకాలపు పనిగా చేసుకున్నవారు మరీ అరుదు. అటువంటి ఒక అధ్యాపకుడి పదోన్నతి దరఖాస్తును ఒక విద్యాసంస్థ ఇటీవల తిప్పిపంపింది. పరిశోధన రచనలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో ఆయన హెచ్-ఇండెక్స్, అంటే ఆయన రచనలను ఇతరులు ఎంతగా ఉదహరించారో (సైటేషన్లు) చూపే అంకె, 2 మాత్రమే కావడం అందుకు చూపిన కారణం. బరంపురంలో అమ్మవారికి జరిగే ఠాకురాణీ యాత్ర గురించి, దాన్ని నడిపించే డేరా అనే నేతవారి వర్గపు కుటుంబాల ఆచారాల గురించి ఆయన తెలుగులో రాసిన గ్రంథాన్ని దరఖాస్తును పరిశీలించిన కమిటీ సమావేశంలో ఒక్కరూ తెరిచి చూడలేదని తెలిసి, మనసు కష్టపెట్టుకుని ఈ మాటలు రాస్తున్నాను.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. కనీసం పదేసి సైటేషన్లు వచ్చిన రచనలు పది ఉంటే ఆ సూచిక 10 అవుతుంది. అదే లెక్కన, జీవితం మొత్తం మీద మూడే గ్రంథాలు రాసిన పండితుడికి ఒక్కో గ్రంథానికి వెయ్యేసి సైటేషన్లు వచ్చినా సూచిక 3 దాటదు. నలుగురైదుగురు కలిసి ఏటా చిన్న వ్యాసాలు ప్రచురించే శాస్త్రాలకు ఈ కొలత కొంతవరకు పనికిరావచ్చు గాని, ఒక్కరే కూర్చుని ఏళ్ల తరబడి ఒకే గ్రంథం రాసే రంగానికి దీన్ని తగిలించడం అన్యాయం.

పరిశోధన పత్రికల స్థాయికి కొలతగా వాడే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సంగతి ఇంకా విచిత్రం. ఒక పత్రికలో అంతకు ముందు రెండేళ్లలో వచ్చిన వ్యాసాలను ఈ ఏడాది ఎన్నిసార్లు ఉదహరించారన్నదే దాని ఆధారం. మా ఠాకురాణీ యాత్ర జరిగేదే రెండేళ్లకొకసారి. దేశిబెహెరా వీధిలో వేసే తాత్కాలిక మందిరాన్ని, రాత్రిపూట ఊరేగే ఘటాలను, మొక్కుబడికి కట్టే వేషాలను ఒక ఏడు చూసి రాసుకున్నవాడు, తన నోట్సులో తప్పొప్పులు సరిచూసుకోవాలంటే మళ్లీ యాత్ర వచ్చేదాకా ఆగవలసిందే. ఆ లోపల ఆ పత్రిక లెక్క ముగిసిపోతుంది.

మన పక్కనే ఉన్న గజపతి, రాయగడ కొండలనే చూడండి. అక్కడి గిరిజనులైన సవరల మతం మీద మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ గ్రంథం 1955లో వచ్చింది. అదే జనం తమ మృతులతో జరిపే సంభాషణల మీద పియర్స్ విటెబ్‌స్కీ గ్రంథం 1993లో వచ్చింది. మధ్యలో 38 ఏళ్లు గడిచినా, ఆ రంగంలో అడుగుపెట్టే ఎవరూ ఎల్విన్‌ను పక్కన పెట్టి ముందుకు పోలేరు. అంతకంటే ముందే పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణాన్ని అచ్చులోకి తెచ్చిన గిడుగు రామమూర్తి గారి శ్రమను ఏ రెండేళ్ల కొలత పట్టుకోగలదు?

అధ్యాపకుల నియామకాలు, పదోన్నతుల మీద విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన 2018 నిబంధనలు పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి వ్యాసానికి మార్కులు పెంచాయి. అయితే మానవీయ శాస్త్రాల పత్రికల సైటేషన్లను నమోదు చేసే ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్ సైటేషన్ ఇండెక్స్‌లో మాత్రమే ఉన్న పత్రికలకు 2023 దాకా అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టరే ఇవ్వలేదు. ఆ అయిదేళ్లూ అటువంటి పత్రికలో రాసిన మతాధ్యయన పండితుడికి ఆ అదనపు మార్కులు వచ్చే దారే లేదన్నమాట.

ఇక తెలుగులో రాసినవారి గతి చెప్పనక్కరలేదు. మన పుస్తకాలు చాలావరకు ‘అను’ అనే పాత రకం ఫాంట్లలో కంపోజ్ అయినవే. ఆ పీడీఎఫ్ కంటికి చక్కని తెలుగుగానే కనిపిస్తుంది. అందులోంచి ఒక పంక్తి కాపీ చేసి మరోచోట పేస్ట్ చేస్తే, తెలుగు అక్షరాలకు బదులు అర్థంపర్థం లేని గుర్తుల వరుస వస్తుంది. యంత్రం చదివేది ఆ గుర్తులనే. ఒక తెలుగు వ్యాసం చివర మరో తెలుగు గ్రంథం పేరు ఎంత శ్రద్ధగా ఉదహరించినా, అది గూగుల్ స్కాలర్ లెక్కకు అందుతుందన్న ఆశ లేదు. అటువంటి గ్రంథం మీద ఒడియాలో వచ్చిన సమీక్షను పట్టించుకునే నాథుడూ లేడు.

సైటేషన్లు చూడవద్దని నేననడం లేదు. ఒక గ్రంథాన్ని ఎవరు, ఎక్కడ, ఎందుకు వాడుకున్నారో తెలుసుకోవడానికి అవి దారి చూపుతాయి. ఒప్పుకుంటూ ఉదహరించినా, ఖండిస్తూ ఉదహరించినా అంకె ఒకటే గనుక, ఆ దారి వెంట వెళ్లి చదివినప్పుడే వాటికి విలువ. స్థానికంగా అవసరమైన పరిశోధనను కాపాడాలని పరిశోధనను అంకెలతో ఎలా తూచాలో చెబుతూ 2015లో వెలువడిన లైడెన్ మ్యానిఫెస్టో కూడా స్పష్టంగానే చెప్పింది.

ఆ అధ్యాపకుడి దరఖాస్తును మళ్లీ పరిశీలనకు తీసుకోవాలి. కమిటీలో తెలుగు, ఒడియా రెండూ చదవగలవారు కనీసం ఇద్దరు ఉండాలి. సమావేశానికి నెల ముందే ఆ గ్రంథం వారి చేతికి అందాలి. చదివిన తరవాత తమ అభిప్రాయాన్ని సంతకం పెట్టి లిఖితపూర్వకంగా ఇవ్వాలి. అప్పుడు కూడా ఆ పని చాలదని తేలితే, ఏ అధ్యాయంలో ఏది చాలలేదో ఆయనకు చెప్పాలి.