మెట్స్ ఓటమికి బాధ్యుణ్ణి నేనే

2025లో న్యూయార్క్ మెట్స్ అనే బేస్‌బాల్ జట్టు కొంప ఎందుకు మునిగిందో చెప్పడానికి పండితులు చాలా శ్రమపడ్డారు. పిచ్చర్లకు (బంతి విసిరేవాళ్లకు) గాయాలన్నారు, కీలక సమయంలో బ్యాట్లు మొరాయించాయన్నారు. అన్నీ పైపై కారణాలు. అసలు కారణం న్యూజెర్సీ ఎడిసన్‌లో మా హాల్లో ఉన్న సోఫా. కచ్చితంగా చెప్పాలంటే దాని ఎడమ మూల. ఇన్నాళ్లూ నోరు మెదపలేదు, ఇక దాచడం నా వల్ల కాదు.

ముందు కేసు పూర్వాపరాలు. జూన్ 12 నాటికి మెట్స్ 45 గెలిచి 24 ఓడారు. లీగ్ మొత్తంలో అంతకన్నా మంచి రికార్డు ఏ జట్టుకూ లేదు. ఆ రోజే పిచ్చర్ కొడై సెంగా తొడ కండరం పట్టేసింది. ఆ తర్వాతి 93 ఆటల్లో గెలుపులు 38, ఓటములు 55. బ్యాటర్ హువాన్ సోటోకు 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లు రాసిచ్చిన జట్టు ఇది. పాపం, ఆయన 43 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టి తన వంతు తాను చేశాడు. నా వంతే నేను చేయలేదు.

క్రికెట్ చూసి పెరిగిన ప్రాణానికి ఈ టెన్షన్ కొత్త. మన టెన్షన్ పడుకునే లోపు తేలిపోతుంది. ఇక్కడ 162 ఆటలు, ఆరు నెలల జ్వరం. సెప్టెంబర్ వచ్చేసరికి అభిమాని ఆట చూడడం మానేసి లెక్కలు వేస్తాడు. నాకౌట్‌కు చేరాలంటే మనం గెలవాలి, సిన్సినాటి జట్టు ఓడాలి, ఓడకపోతే ఇంకెవరో ఓడాలి. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో కూర్చున్న తండ్రి, పై ర్యాంకుల వాళ్లలో ఎంతమంది ఐఐటీలకు వెళ్లిపోతారా అని వేళ్లు మడిచి లెక్కపెట్టినట్టు ఉంటుంది.

మా పక్కింటి పెద్దాయన పుట్టుకతోనే మెట్స్ భక్తుడు. జట్టు వరసగా గెలుస్తున్నంత కాలం జెర్సీ ఉతకనివ్వడు. మా నాయనమ్మ మడికి ఉతికి ఆరేసిన బట్ట కావాలి, ఈయన మడికి ఉతకని చొక్కా కావాలి. తేడా అంతే. జట్టు వెనకబడితే టోపీ తిరగేసి, లోపలి కుట్లు పైకి వచ్చేలా పెట్టుకుంటాడు. దాన్ని ర్యాలీ క్యాప్ అంటారట. మా గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టినప్పుడు మర్యాదగా నవ్విన మనిషి, సెప్టెంబర్ మూడోవారంలో వచ్చి, గొంతు తగ్గించి, "అది ఇంకొకటి ఉందా?" అని అడిగాడు.

మూఢనమ్మకం అని నవ్వేవాళ్లకు ఆధారాలు చూపిస్తాను. 1969 ఆగస్టు నడిమికి షికాగో కబ్స్ మెట్స్ కన్నా 10 ఆటలు ముందున్నారు. సెప్టెంబర్ 9న మెట్స్ అప్పటి సొంత మైదానం షే స్టేడియంలో ఒక నల్లపిల్లి కబ్స్ ఆటగాళ్లు కూర్చునే డగౌట్ ముందు నుంచి నడిచింది. ఆ ఏడు వరల్డ్ సిరీస్, అంటే లీగ్ కప్పు, మెట్స్‌ది. పిల్లి ఎదురొస్తే ఏమవుతుందో మన పల్లెల్లో ఏ ముసలమ్మనడిగినా ముందే చెప్పేది. 2024 జూన్ 12న మెక్‌డొనాల్డ్స్ వాళ్ల గ్రిమేస్ అనే ఊదారంగు బొమ్మవేషం ఆటకు ముందు లాంఛనంగా తొలి బంతి విసిరితే మెట్స్ వరసగా 7 గెలిచారు. 2007లో ఇంకా 17 ఆటలుండగా 7 ఆటల ఆధిక్యాన్ని పోగొట్టుకున్నారు. ఆ ఏడు ఎవరి సోఫాలో ఏం జరిగిందో ఇప్పటికీ విచారణ లేదు.

ఇక నా నేరం. సెప్టెంబర్ 28, ఆదివారం. పొద్దున పదిన్నర నుంచి ఆసియా కప్ ఫైనల్. నేను సోఫా ఎడమ మూల, కాళ్లు మడుచుకుని. మనవాళ్లకు 20కి 3 వికెట్లు పడ్డప్పుడు కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు. మన తిలక్ వర్మ 69 కొట్టి గెలిపించాడు. సోఫాలో ఆ రోజుకున్న మహిమంతా అక్కడే ఖర్చయిపోయిందని గ్రహించకుండా, మూడింటికి అదే మూలలో కూర్చుని మయామీలో మెట్స్ ఆఖరి ఆట పెట్టాను.

మొత్తం తొమ్మిదిలో నాలుగో ఇన్నింగ్స్‌లో మా ఆవిడ బతుకమ్మ పేర్చడం పూర్తయింది. "ఇగ లేస్తరా లేదా? కార్ల పెట్టి రండి, పూలు వాడిపోతున్నయి" అంది. బంతిపూల వరసలు జారకుండా పళ్లెం రెండు చేతులా పట్టుకుని వెళ్లి, వెనక సీట్లో పెట్టి, సీటు బెల్టు కూడా కట్టి వచ్చాను. వచ్చి చూస్తే మయామీ జట్టు మార్లిన్స్‌కు 4 పరుగులు. పైగా నా మూలలో ఆవిడ పట్టుచీర ఉంది. కుడి మూలలో కూర్చున్నాను. ఐదో ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌ల మీదా మనవాళ్లే నిండి ఉండగా మన పీట్ అలోన్సో తుపాకీ గుండులా బంతిని కొట్టాడు, అది తిన్నగా వెళ్లి ఫీల్డర్ చేతిలో పడింది. కుడి మూల ఫలితం. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మన లిండోర్ కొట్టిన బంతికి ఒకేసారి ఇద్దరు ఔటై (డబుల్ ప్లే) కథ ముగిసింది. 4-0.

దారుణం ఏమిటంటే, ఓడాల్సిన సిన్సినాటి కూడా ఓడింది. రెండు జట్లూ 83-79. ముఖాముఖి ఆటల్లో పైచేయి వాళ్లది కాబట్టి వాళ్లు లోపలికి, మనవాళ్లు ఇంటికి.

ఆ సాయంత్రం కారు తీస్తుంటే పెద్దాయన తన గుమ్మం మెట్ల మీద కనిపించాడు. టోపీ ఇంకా తిరగేసే ఉంది. దగ్గరికొచ్చి, వెనక సీట్లో బెల్టు కట్టుకున్న పూలగోపురాన్ని కాసేపు చూసి, "తప్పు నాదే. నాలుగో ఇన్నింగ్స్‌లో బాత్రూమ్‌కు లేచాను" అన్నాడు.

నేను ఆయన భుజం తట్టాను. "ఊరుకోండి, మీరు మాత్రం ఎంతసేపని ఆపుకుంటారు" అని కారెక్కాను. వచ్చే సీజన్ నుంచి ఆట ఉన్న రోజు మంచినీళ్లు ముట్టనని ఆయన మొక్కుకున్నాడట.